కొండ మీద ఆ ఇద్దరూ, మీరూ

అందరికీ నమస్కారం. కొండల మీద ఇద్దరే చేసుకునే పెళ్లిళ్లకి ఫొటోలు తీస్తాను నేను. ముందు నేను చేసిన ఒక తప్పు చెప్తాను. ఈరోజు మీతో పంచుకోబోయే దాంట్లో చాలావరకు ఆ తప్పు నుంచి నేర్చుకున్నదే.

కొన్నేళ్ల కిందటి మాట. కొండ మీద ఒక జంట, నేను, అంతే, ఇంకెవరూ లేరు. ప్రమాణాలు కాగితం మీద రాసుకొచ్చారు. అబ్బాయి చదవడం మొదలుపెట్టాడు. రెండో వాక్యం దగ్గరే గొంతు పూడుకుపోయింది. పైగా గాలి, కాగితం టపటపా కొట్టుకుంటోంది. అప్పుడు ఆ అమ్మాయి ఏమీ మాట్లాడకుండా చెయ్యి చాపి, కాగితం అవతలి అంచు రెండు వేళ్లతో పట్టుకుంది, ఆయన చదువుకోవడానికి వీలుగా. అదే నిమిషంలో నేను తల వంచుకుని లెన్స్ మారుస్తున్నాను. వెనక శిఖరం మీదికి అప్పుడే ఎండ వచ్చింది, వైడ్‌లో, అంటే ఎక్కువ వెడల్పు పట్టే లెన్స్‌తో, తీద్దామని. ఓరకంట చూశాను గానీ కెమెరా చేతిలోకి వచ్చేసరికి అయిపోయింది. "ఇంకోసారి చదువుతారా, ప్లీజ్" అని అడిగాను. "పర్లేదన్నా, చదువుతాం" అంది ఆమె. చదివారు. ఎండ బాగుంది, శిఖరం బాగుంది, ఫోకస్ ఎక్కడా తప్పలేదు. కానీ రెండోసారి ఆయన గొంతు పూడుకుపోలేదు కాబట్టి ఆమె కాగితం పట్టుకోవాల్సిన అవసరమే రాలేదు.

వాళ్లు ఆ ఫొటోలు చూసి చాలా సంతోషించారు. నేను మాత్రం ఆ ఆల్బమ్‌లో లేని ఫొటో గురించి ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

ఎలోప్‌మెంట్ అనగానే మనకు "లేచిపోవడం" అన్న మాటే గుర్తొస్తుంది. చరిత్రలోకి వెళ్తే అది నిజమే కూడా. ఇంగ్లండ్‌లో 1753లో ఒక వివాహ చట్టం చేశారు, మరుసటి ఏడాది నుంచి అమల్లోకి వచ్చింది. దాని తర్వాత 21 ఏళ్లు నిండనివాళ్లు పెద్దల ఒప్పుదల లేకుండా పెళ్లి చేసుకోవడం చాలా కష్టమైపోయింది. పక్కనే ఉన్న స్కాట్లండ్‌లో ఆ చట్టం లేదు. దాంతో ప్రేమికులు బండి కట్టించుకుని సరిహద్దు దాటి గ్రెట్నా గ్రీన్ అనే ఊరు చేరేవాళ్లు. అక్కడ ఇద్దరు సాక్షుల ముందు మేం భార్యాభర్తలం అని చెప్పుకుంటే చాలు, పెళ్లి అయిపోయినట్టే. ఊళ్లో కమ్మరి కూడా ఆ పెళ్లి జరిపించేవాడు. నాకు ఈ కథలో నచ్చేది ఆ ఇద్దరు సాక్షులు. మంటపం లేకపోయినా, చుట్టాలు లేకపోయినా, చూసినవాళ్లంటూ ఉండాలి.

ఇప్పుడు మన దగ్గరికి వచ్చే జంటల్లో పారిపోయి వచ్చేవాళ్లు తక్కువ. చాలామంది ఇంట్లో చెప్పే వస్తారు, కొందరు తర్వాత పెద్ద విందు కూడా పెట్టుకుంటారు. ఆ ఒక్క గంట మాత్రం తమ ఇద్దరికే ఉండాలని కోరుకుంటారు, అందుకే కొండ ఎక్కుతారు. చట్టం సంగతి చోటును బట్టి మారుతుంది. అమెరికాలోని కొలరాడోలో జంట తమ పెళ్లి తామే జరిపించుకోవచ్చు, సాక్షులు కూడా అక్కర్లేదు. స్కాట్లండ్‌లో ఇప్పటికీ ఇద్దరు సాక్షులు కావాలి. అలాంటి చోట మీ చేతికి పెన్ను ఇచ్చి సంతకం పెట్టమంటారు. ఆ కాగితం మీద పేరు రాస్తున్నప్పుడు అర్థమవుతుంది మనం అక్కడికి ఎందుకు వచ్చామో. కాబట్టి ఈ పనికి ఒప్పుకునే ముందు ఆ చోట చట్టం ఏమంటుందో, అక్కడ ఫొటోలకీ పెళ్లికీ విడివిడిగా పర్మిషన్ కావాలేమో కనుక్కోండి. చాలా నేషనల్ పార్కుల్లో పెళ్లికి ముందే అనుమతి తీసుకోవాలి. కొద్దిమందే కదా, ఎవరు చూస్తారులే అనుకోవద్దు.

సరే, పనిలోకి వద్దాం. కొండ మీద ఫొటోలు పాడయ్యేది ఎక్కువగా టైమ్ దగ్గర, కెమెరా దగ్గర కాదు.

1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు, కొండలు ఎక్కేవాళ్లు ఇప్పటికీ వాడతారు. సుమారుగా 5 కిలోమీటర్ల నడకకి ఒక గంట, దానికి తోడు ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. అంటే 5 కిలోమీటర్ల దారిలో 600 మీటర్లు ఎక్కాలంటే రెండు గంటలు. ఇది మంచి బూట్లు వేసుకుని, ఆగకుండా, అలవాటుగా నడిచేవాళ్ల లెక్క. పెళ్లి బట్టలు మోసుకుంటూ, మధ్యమధ్య ఆగి ఒకరి మొహం ఒకరు చూసి నవ్వుకుంటూ ఎక్కే జంటకి నేను దాన్ని రెట్టింపు చేస్తాను. మూడు గంటలు పడుతుందనుకున్నది రెండున్నరకే అయిపోతే అది వాళ్లకి కానుక, కూర్చుని ఊపిరి పీల్చుకుంటారు. నాలుగు గంటలైతే మాత్రం పైకి చేరాక మీ నోట్లోంచి వచ్చే ప్రతి మాటా "త్వరగా" అనే వస్తుంది. పెళ్లిరోజున ఎవరూ ఎవరికీ ఆ మాట చెప్పకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

రెండోది ఎండ. ఫోన్‌లో సూర్యాస్తమయం 6:20 అని చూపిస్తుంది, నమ్మి కూర్చుంటాం. ఆ టైమ్ చదునైన నేలకి చెప్పేది. మీరు నిలబడ్డ చోటికి పడమర ఒక గట్టు ఉంటే ఎండ ఎప్పుడో దాని వెనక్కి వెళ్లిపోతుంది. దీనికి పరికరం ఏదీ అక్కర్లేదు. ముందురోజు ఆ చోటికి వెళ్లి, సూర్యుడు దిగే వైపు తిరిగి, చెయ్యి పూర్తిగా చాచి, బొటనవేలు పైకి ఉండేలా పిడికిలి బిగించండి. పిడికిలి కింది అంచు కంటి ఎత్తులో పెట్టి, గట్టు కొస దాకా ఎన్ని పిడికిళ్లు పడతాయో లెక్కపెట్టండి. ఒక పిడికిలి దాదాపు 10 డిగ్రీలు. సూర్యుడు ఆకాశంలో గంటకి 15 డిగ్రీలు కదులుతాడు, అదీ నిట్టనిలువుగా దిగితేనే. అంటే పిడికిలికి కనీసం 40 నిమిషాలు. రెండు పిడికిళ్ల గట్టు ఉందంటే గంటా ఇరవై నిమిషాల ముందే మీ జంట నీడలో ఉంటుంది. వాలుగా దిగితే ఇంకా ముందే. ఇది తెలియక నేను ఒక జంటని సరిగ్గా ఎండ పోయిన ఐదు నిమిషాలకి అక్కడికి చేర్చాను. అవతలి కొండ మొత్తం బంగారంలా వెలుగుతోంది, మా మీద మాత్రం నీలం నీడ.

ఆ నీడ కూడా చెడ్డదేం కాదు, ముందే తెలిసుండాలి అంతే. సూర్యుడు పూర్తిగా దిగిపోయాక కూడా ఒక్కోసారి మంచు శిఖరాలు గులాబీరంగులోకి తిరుగుతాయి. నేరుగా పడే ఎండ కాదది, గాలిలోని ధూళి, నీటి ఆవిరి, మంచు రేణువుల మీదుగా చెదిరి వచ్చే ఎర్రటి వెలుగు. కొద్ది నిమిషాలే ఉంటుంది. అందరూ ఎండ పోయింది కదా అని బ్యాగు సర్దుకునే టైమ్ అదే. సర్దుకోకండి.

నన్నడిగితే తెల్లవారుజామే మంచిదంటాను. గాలి తక్కువ, జనం ఉండరు, అన్నిటికీ మించి ఉరుముల భయం తక్కువ. వేసవిలో కొండల మీద మధ్యాహ్నానికి మబ్బులు లేస్తాయి. వేడెక్కిన గాలి వాలు వెంట పైకి పాకి, చల్లబడి, చూస్తూ ఉండగానే నల్లటి మబ్బై కూర్చుంటుంది. మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేలోపు సెకన్లు లెక్కపెట్టండి. 30 లోపు వినబడిందంటే పిడుగు మీకు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. ఇక అక్కడ ప్రమాణాలూ లేవు, ఫొటోలూ లేవు, శిఖరం అంచు మీంచి దిగిపోవడమే. చివరి ఉరుము విన్నాక అరగంట గడిచేదాకా మళ్లీ ఎక్కొద్దు. ఇది జంటని అడిగి తీసుకునే నిర్ణయం కాదు. ఎక్కే ముందే చెప్పేస్తాను, "దిగుదాం అని నేనంటే ఆ ఒక్క మాట దగ్గర వాదన వద్దు" అని. ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు.

తలనొప్పి గురించి కూడా అంతే సీరియస్‌గా చెప్తున్నాను. 2,500 మీటర్లు దాటాక కొందరికి ఎత్తు పడదు. 3,000 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే 70 శాతమే ఉంటుంది. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, కళ్లు తిరగడం, ఇవన్నీ పెళ్లి టెన్షన్ అనుకుని నవ్వుకుంటూ పైకి పోతారు. ఒక అమ్మాయి ఇలాగే నుదురు నొక్కుకుంటూ "ఏం లేదన్నా, రాత్రి నిద్రలేదు" అంటోంది. నీళ్లు తాగించి పావుగంట కూర్చోబెట్టినా తగ్గలేదు. శిఖరం ఇంకో గంట దూరంలో కనిపిస్తూనే ఉంది. వెనక్కి తిరిగాం. ఒక 500 మీటర్లు దిగాక ఆమెకి తేలికపడింది, అక్కడ వాగు పక్కన బండరాళ్ల మీద నిలబడి పెళ్లి చేసుకున్నారు. ఆ ఫొటోల్లో శిఖరం ఎక్కడా లేదు. ఆమె మొహంలో రంగు తిరిగి రావడం మాత్రం ఫ్రేము ఫ్రేముకీ కనబడుతుంది.

లెన్సుల గురించి చాలామంది అడిగారు కాబట్టి చెప్తాను. కొండ పెద్దదిగా రావాలంటే వైడ్ వాడాలని అనుకుంటాం, అది తిరగబడుతుంది. 24 ఎమ్‌ఎమ్ వైడ్ లెన్స్ పెట్టి జంటకి 3 మీటర్ల దూరంలో నిలబడండి, వాళ్లు ఫ్రేములో ఒక సైజులో ఉంటారు, వెనక శిఖరం చీమంత అయిపోతుంది. ఇప్పుడు దూరాన్ని దగ్గరగా చూపే 200 ఎమ్‌ఎమ్ లాంగ్ లెన్స్ పెట్టి వాళ్లకి 25 మీటర్ల దూరానికి వెళ్లండి. వాళ్లు అదే సైజులో ఉంటారు, దూరంగా ఉన్న శిఖరం మాత్రం ఎనిమిది రెట్లు పెద్దదై వాళ్ల భుజాల వెనక లేచి నిలబడుతుంది. మనం నిలబడి కళ్లతో చూసినప్పుడు కలిగే ఆ అబ్బురం వచ్చేది ఇందులోనే. దీనివల్ల నాకు ఇంకో మేలు జరిగింది, ఇది నిజానికి పెద్ద మేలు: 25 మీటర్లు వెనక్కి వెళ్లేసరికి వాళ్లు నన్ను మర్చిపోయారు. నా షట్టర్ చప్పుడు లేదు, నా బూట్ల చప్పుడు లేదు. ఇద్దరి మధ్యా జరగాల్సింది జరిగింది.

మంచు మీద తీస్తే కెమెరా తడబడుతుంది. ఎదురుగా ఏమున్నా దాన్ని సగటు బూడిదరంగు అనుకుని వెలుతురు కొలవడం దానికి అలవాటు. తెల్లటి మంచుని కూడా బూడిదరంగు చేసి చూపిస్తుంది, దాంతో మొహాలు నల్లబడతాయి. వెలుతురు ఒకటి నుంచి రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపు) ఎక్కువ ఇవ్వండి, కానీ ఎండలో తెల్ల బట్టల మీద నేత పోకుండా హిస్టోగ్రామ్ (వెలుతురు ఎంతెంతుందో కెమెరాలో చూపే గ్రాఫ్) చూసుకుంటూ ఇవ్వండి. రా ఫైల్‌లో తీయండి, అంటే కెమెరా దిద్దకుండా ఉన్నదున్నట్టు దాచే ఫైల్‌లో. రెండు కార్డుల కెమెరా లేకుండా ఈ పనికి వెళ్లొద్దు, ఎందుకంటే ఇక్కడ మీరు తీసింది పోతే ఇంకే చుట్టం ఫోన్‌లోనూ ఒక్క ఫొటో ఉండదు. బ్యాటరీలు చలికి త్వరగా పడిపోతాయి, లోపలి రసాయనాలు నెమ్మదిస్తాయి కాబట్టి. స్పేర్‌వి చొక్కా లోపలి జేబులో ఒంటికి ఆనేలా పెట్టుకోండి. అయిపోయిందనుకున్నది కూడా వెచ్చబడితే ఇంకాస్త పనిచేస్తుంది. చలిలోంచి వెచ్చటి గదిలోకి వెళ్లేముందు కెమెరాని గాలి చొరబడని కవర్‌లో పెట్టి మూసేయండి, లేకపోతే లెన్స్ నిండా నీటి ఆవిరి పడుతుంది. ఎత్తుకి వెళ్లేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకి సుమారు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. అది మీ కెమెరాకంటే ముందు ఆ అమ్మాయి భుజాలకి తెలుస్తుంది, కాబట్టి బ్యాగులో ఒక మందపాటి శాలువా మీరే పెట్టుకోండి.

పొడవాటి మేలిముసుగు గురించి ఒక్క మాట. గాలికి ఎగురుతుంటే ఫొటోలో చాలా బాగుంటుంది, అందుకే అందరూ అడుగుతారు. అంచు దగ్గర అది తెరచాపలాగా మనిషిని లాగుతుంది. నేను చదునైన చోట మాత్రమే తీస్తాను, లోయకి కనీసం పది అడుగులు లోపల. లాంగ్ లెన్స్‌తో, కింది నుంచి తీస్తే అంచు మీదే నిలబడినట్టు కనబడుతుంది, ఆ మాత్రం పనితనం మన దగ్గర ఉంది కదా.

అమెరికా ఫొటోగ్రాఫర్ ఏన్సెల్ ఆడమ్స్ పేరు మీలో చాలామందికి తెలుసు. 1927 ఏప్రిల్ 10న, ఆయనకి పాతికేళ్లప్పుడు, అమెరికాలోని యోసెమిటీ పార్కులో హాఫ్ డోమ్ అనే బండకొండని తీయడానికి ఎక్కాడు. వెంట స్నేహితులు, వాళ్లతో పాటు తర్వాత ఆయన పెళ్లాడిన వర్జీనియా బెస్ట్. ఒక్కోదాని మీద ఒక్క ఫొటోనే పడే గాజు ప్లేట్లు, బరువైన కెమెరా, మంచు. అసలు చోటికి చేరేసరికి మిగిలినవి రెండే ప్లేట్లు. ఒకటి పసుపు ఫిల్టర్‌తో తీశాడు. తీశాక, తనకి లోపల అనిపిస్తున్న ఆ గాంభీర్యం ఇందులో రాదని తెలిసింది. చివరి ప్లేటుకి ముదురు ఎరుపు ఫిల్టర్ పెట్టాడు, ఆకాశం దాదాపు నల్లగా వచ్చింది, ఆ ఫొటో ఆయన జీవితాన్నే మార్చేసింది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మన కార్డులో మూడు వేల ఫొటోలు పడతాయి, మనకి చివరి ప్లేటు అన్నది తెలియదు. కొండ మీద పెళ్లిలో మాత్రం ఉంటుంది. ప్రమాణాలు చదివే ఆ ఐదారు నిమిషాలే మీ చివరి ప్లేటు. ఏ లెన్స్, ఎక్కడ నిలబడాలి, గాలి ఎటు, ఎండ ఎవరి మొహం మీద, ఇవన్నీ వాళ్లు కాగితం తీయకముందే తేల్చుకుని ఉండాలి.

ఇప్పుడు నేను చేసేది ఇదీ. చోటు దగ్గరికి చేరాక పది నిమిషాలు కెమెరా బయటికి తీయను. వాళ్లు నీళ్లు తాగుతారు, బట్టలు సర్దుకుంటారు, నేను ఊరికే చూస్తాను. ఆయనకి కంగారైతే ఏ చెయ్యి జేబులో పెడతాడు, ఆమె నవ్వు ఆపుకోవాలంటే ఎటు చూస్తుంది. తర్వాత ఒక్క మాటే చెప్తాను: "మీరు ఇక్కడ నిలబడండి, నేను అక్కడుంటాను, అయ్యాక మీరు పిలిచేదాకా దగ్గరికి రాను." ఒక కెమెరాకి లాంగ్ లెన్స్, మెడలో ఇంకోదానికి 35 ఎమ్‌ఎమ్. మార్చుకోవడం అన్నదే లేదు. షట్టర్ సైలెంట్‌లో. ఇక వాళ్లు ఏం చేసినా అదే ఫొటో. కన్నీళ్లు తుడుచుకోమనను, జుట్టు మొహం మీద పడితే సర్దుకోమనను. ఒకాయన ఉంగరం తొడుగుతుంటే చలికి వేళ్లు బిగుసుకుపోయి, మూడుసార్లు జారి నాలుగోసారి ఎక్కింది. ఆ మూడుసార్లూ ఆమె అరచేతిని గిన్నెలా కింద పట్టింది, పడితే పట్టుకుందామని. ఇది చెప్పి చేయించగలిగేది కాదు.

మధ్యలో ఒక దగ్గర కెమెరా దించేస్తాను. ప్రమాణాలు అయ్యాక ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని ఉండిపోతారు చూడండి, అక్కడ రెండు ఫొటోలు తీసి, వెనక్కి తిరిగి నిలబడతాను. మా దగ్గర పనిచేసే పిల్లలు మొదట్లో ఒప్పుకోలేదు, అంత మంచి క్షణం వదిలేస్తామా అని. వదిలెయ్యాలనే అంటాను. మనుషులు తగ్గాలని అంత దూరం ఎక్కి వచ్చారు, ఆ రెండు నిమిషాలన్నా మనం కూడా తగ్గాలి.

ఇక పొగమంచు. ఏడాది ముందు నుంచి ఒక శిఖరం ఫొటో ఫోన్‌లో దాచుకుని వచ్చిన జంట ఉన్నారు. ఆ పొద్దున పైకెళ్తే ఇరవై అడుగుల అవతల ఏమీ లేదు, అంతా తెలుపే. నేను వాళ్లకంటే ఎక్కువ దిగులుపడ్డాను. గంటన్నర ఆగాం. చలికి ఆమె పెళ్లి గౌను మీద పాత స్వెటర్ ఒకటి వేసుకుంది, మోచేతి దగ్గర వేరే రంగు ఊలుతో అల్లిన అతుకు ఉంది. తీయమంటానేమోనని నా వైపు చూసింది. ఎందుకో ఉండనివ్వండి అన్నాను. అలాగే పెళ్లి చేసుకున్నారు, ఆ తెల్లటి పొగలో. తర్వాత ఆల్బమ్ ఇవ్వడానికి వాళ్లింటికి వెళ్తే వాళ్లమ్మగారు ఉన్నారు, పెళ్లికి రానివారు. ఒక్కో పేజీ తిప్పుతూ వచ్చి ఆ ఫొటో దగ్గర ఆగిపోయారు. ఆ అతుకు మీద వేలు పెట్టి, "ఇది నేను అల్లిందే" అన్నారు. చాలాసేపు పేజీ తిప్పలేదు.

వచ్చేముందు ఆ చోటుని ఎలా ఉన్నదాన్ని అలా వదిలి రండి. కాగితపు ముక్కలు, రంగు పొగలు, మెరుపుపొడి, ఏవీ వద్దు. బయట నుంచి తెచ్చిన పూలరేకులు కూడా చల్లొద్దు. ఎత్తుమీద పెరిగే మొక్కలకి ఏడాదిలో దొరికే ఎండాకాలమే కొన్ని వారాలు, ఒకసారి తొక్కేస్తే కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. మంచి ఫ్రేము కోసం బాట దాటి పది అడుగులు వేసేముందు కింద ఏముందో చూడండి. బండ మీదో రాళ్ల మీదో నిలబడండి. ఫొటో పెట్టేటప్పుడు చోటు సరిగ్గా ఎక్కడో రాయకండి. మీ ఫొటో బాగుంటే వచ్చే నెలకి అక్కడ వందమంది ఉంటారు.

చివరిగా దిగే దారి. సాయంత్రం పెళ్లయితే దిగేటప్పటికి చీకటి పడుతుంది, మోకాళ్లు వణుకుతుంటాయి, సంతోషంలో ఎవరూ కింద చూడరు. దెబ్బలు తగిలేది అప్పుడే. తలకి కట్టుకునే లైట్లు ముగ్గురికి మూడు, పైన ఇంకోటి, ఇవి నా బ్యాగులోనే ఉంటాయి, వాళ్లు తెస్తామన్నా సరే. వాళ్లని ముందు నడవమంటాను, నేను వెనక. కాసేపటికి మాటలు తగ్గిపోతాయి, రాళ్ల మీద బూట్ల చప్పుడు ఒక్కటే వినబడుతుంది. ఎక్కడో ఒక మలుపు దగ్గర ఆగి ఒక ఫొటో తీస్తాను, చీకట్లో రెండు చిన్న లైట్లు, పక్కపక్కనే కిందికి పోతున్నవి. ఆ తర్వాత కెమెరా సంచిలో పెట్టేసి జిప్ వేసేస్తాను. బండి దగ్గరికి చేరేదాకా నా చేతులు రెండూ ఖాళీగా ఉండాలి, ఎవరైనా జారితే పట్టుకోవడానికి.